అమ్మాయికి, అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ వెయ్యడం గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన అయిదు బొమ్మలూ చూశాను. కూర్చుంటే చెయ్యి కదలటంలేదనీ, కదిలినప్పుడేమో రంగంతా బురదైపోతోందనీ రాశావు. ఈ రెండూ ఒకటే కష్టమనుకోబాక. మొదటిది చూపుకి సంబంధించింది. రెండోది రంగు, నీళ్ళు, ఎండ, ఈ మూడింటి లెక్క తప్పడం వల్ల వచ్చింది. దేని మందు దానికే వెయ్యాలి.

ముందు చూపు సంగతి. ఖాళీ కాన్వాసు ముందు కూర్చుని లోపల్నించి ఏదో పొంగుకొస్తుందని ఎదురుచూడబాక. నైరూప్య చిత్రమంటే ఏదీ చూడకుండా వేసేది కాదమ్మా. బాగా చూసి, చూసినదాంట్లోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయి, ఇంక తీస్తే ప్రాణం పోతుందనే చోట ఆగడం. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా గారు 1950లో ఫ్రాన్స్ వెళ్ళి, ఊళ్ళూ ఇళ్ళూ చెట్లూ ఏళ్ళ తరబడి వేశాకే, ఆయనకి పేరు తెచ్చిన ఆ గుండ్రటి బిందువు దగ్గరికి చేరారు. బిందువుతో మొదలుపెట్టినవాడికి అది చుక్కగానే మిగిలిపోతుంది.

మీ నెల్లూరు దగ్గర మైపాడు దోవలో రొయ్యల గుంటలున్నాయి గదా, ఒక పొద్దున ఆ గట్టు మీద నిలబడు. రంగులొద్దు, ముదురుగా పడే మెత్తటి 6బి పెన్సిలూ చిన్న పుస్తకమూ చాలు. రెండంగుళాలకి మూడంగుళాల గళ్ళు గీసుకో. మొదటి గడిలో కనపడిందంతా వెయ్యి: గట్లు, నీళ్ళు, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు, కరెంటు స్తంభాలు, ఆకాశం. రెండో గడిలో ఆకాశం తీసెయ్యి. మూడోదాంట్లో స్తంభాలు తీసెయ్యి. నాలుగోదాంట్లో ఏరేటరుని తీసేసి అది లేపిన తెల్లటి నురగని మాత్రం ఉంచు. అయిదో గడికొచ్చేసరికి రెండు ఏటవాలు గీతలు, వాటి మధ్య ఒక తెల్ల మచ్చ మిగులుతాయి. చూసినవాళ్ళు అది రొయ్యల గుంటని పోల్చుకోలేరు, పోల్చుకోనక్కర్లేదు. కానీ కదలని నీళ్ళని గట్టు అదిమిపట్టిన ఆ బిగువు అందులో ఉండితీరాలి. బిగువు పోయిందంటే తీయకూడనిది తీశావన్నమాట. ఒక గడి వెనక్కి పో.

ఈ గళ్ళలో మూడే ఛాయలు వాడు: కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు నలుపు. రోజుకి ఇరవై గళ్ళు. ఇరవైలో ఒకటో రెండో పనికొస్తాయి, దానికి దిగులు పడనక్కర్లేదు. పనికొచ్చిన ఒక్కదాన్ని తీసుకుని అడుగు చదరం కాగితాలు పన్నెండింటి మీద వెయ్యి. కాగితం మందంగా, 300 జీఎస్ఎం ఉండాలి, పల్చటిదైతే తడికి ఉబ్బి గుంటలు పడుతుంది. ఒక్కో కాగితానికి ఒక్క ప్రశ్నే పెట్టుకో. ఒకదాంట్లో గీత అంచు కత్తితో కోసినట్టుంటే ఎలా ఉంటుందో చూడు, ఇంకోదాంట్లో అదే అంచు నీళ్ళలో కరిగితే ఎలా ఉంటుందో చూడు. నీ అయిదు బొమ్మల్లో అన్ని ప్రశ్నలూ ఒక్కచోటే కలబడ్డాయి. అందుకే చెయ్యి ఆగిపోతోంది.

ఇక బురద. నీ దగ్గర యాక్రిలిక్ రంగులు ఇరవై నాలుగు ట్యూబులున్నాయన్నావు. పంతొమ్మిది పెట్టెలో పెట్టి మూత వెయ్యి. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు, ఎల్లో ఆకర్ అనే పసుపు మట్టి రంగు, ఒక ఎరుపు, టైటానియం వైట్, ఈ అయిదు చాలు. నల్ల ట్యూబు కూడా అక్కర్లేదు. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా దాదాపు సమానంగా కలిపితే మంచి నలుపొస్తుంది. నీలం ఒక పాలు పెంచితే చల్లటి నలుపు, సియెన్నా పెంచితే వెచ్చటి నలుపు. దానికి తెలుపు కొద్దికొద్దిగా చేర్చుకుంటూ పోతే ఎన్ని బూడిద రంగులొస్తాయో ఒక కాగితం మీద వరసగా వేసుకుని గోడకి అంటించుకో.

ఒక కలపడంలో రెండు రంగులు, పైన తెలుపు, అంతకు మించొద్దు. మూడో రంగు కావాలంటే కింది పూత ఆరాక దాని మీద పల్చగా వెయ్యి. బురద పుట్టేది పళ్ళెంలోనే కాదు, సగం ఆరిన పూత మీద మళ్ళీ కుంచె పెట్టి రుద్దడంలో కూడా. కింది రంగు లేచి పైదాంట్లో కలుస్తుంది, రెండూ చెడతాయి. కుంచె కడిగే నీళ్ళకి ఒక డబ్బా, రంగులో కలిపే నీళ్ళకి వేరే డబ్బా పెట్టుకో.

రంగు పల్చన చెయ్యడానికి నీళ్ళే పోసుకుంటూ పోబాక. యాక్రిలిక్‌లో రంగుపొడిని పట్టుకునేది జిగురు. నీళ్ళు ఎక్కువైతే ఆ జిగురు చాలదు, ఆరాక రంగు పొడిపొడిగా నిలబడుతుంది. ఆరిన పూతని తడి వేలితో రుద్ది చూడు. వేలికి రంగంటితే నీళ్ళెక్కువయ్యాయని అర్థం. బాగా పల్చన కావాలంటే యాక్రిలిక్ మీడియం, అంటే రంగుపొడి లేని ఆ జిగురే, కలుపు.

కాన్వాసుకి రంగు వేసేముందు జెస్సో, అంటే రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగు పూత, మూడుసార్లు వెయ్యి. మొదటిది కాస్త నీళ్ళు కలిపి అడ్డంగా, రెండోది నిలువుగా, మళ్ళీ మూడోది అడ్డంగా. ప్రతి పూతా పూర్తిగా ఆరాక 220 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దు. అద్దంలా నున్నగా చేశావంటే రంగు పట్టుకోదు, చెయ్యి ఆనితే కొంచెం గరుకు తెలియాలి.

మన ఎండ సంగతి ఏ ట్యూబు మీదా రాసుండదు. రోహిణి కార్తెలో మిద్దె గదిలో మధ్యాహ్నం కూర్చుంటే పళ్ళెంలో రంగు కలిపేలోపే పొర కడుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించు. మూతున్న స్టీలు పళ్ళెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, రంగు ఆ పేపరు మీద పెట్టుకో. మూత వేస్తే మర్నాటికీ పనికొస్తుంది. ఫ్యాను నేరుగా పళ్ళెం మీదికి తిప్పబాక. ఆరడం నెమ్మదించే రిటార్డరు వాడితే సీసా మీది కొలత దాటొద్దు. ఎక్కువైతే పూత రోజుల తరబడి జిగటగా ఉండి దుమ్మంతా పట్టేస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వేరే బాధ. వానలకి గుడ్డ వదులవుతుంది, వెనక బూజు పడుతుంది. కాన్వాసుని గోడకి ఆనించకుండా చెక్క ముక్కల మీద నిలబెట్టి గాలాడనివ్వు. ఫ్రేము మూలల సందుల్లో చిన్న చెక్క చీలలు కొట్టి గుడ్డని బిగించు. సముద్రపు గాలికి మామూలు పిన్నులు తుప్పుపట్టి ముందు వైపుకి గోధుమ మచ్చ దిగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడు.

తీసెయ్యడం చూపులోనే కాదు, చేతిలోనూ ఉండాలి. దానికి చీమకుర్తి గెలాక్సీ రాయి ఒక పలక ముక్క తెచ్చుకుని కిటికీ దగ్గర పెట్టుకో. నల్లటి రాతిలో బంగారు రజను చల్లినట్టుంటుంది. చల్లినట్టుంటుంది కానీ చల్లింది కాదు. ఆ మెరిసేవి రాయితోపాటే లోపల పుట్టిన బ్రాంజైట్ స్ఫటికాలు. పలకని కొంచెం వంచు, మెరిసే చుక్క ఆరిపోతుంది, పక్కన ఇంకోటి వెలుగుతుంది. బొమ్మలో అది తేవాలని నల్లరంగు మీద బంగారు రంగు చిలకరిస్తే పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. అట్లా కాదు, ముందు ఆకర్ పూత వేసి పూర్తిగా ఆరనివ్వు. దాని మీద నీలం, సియెన్నా కలిపిన నలుపు వేసి, తడి ఉండగానే నైఫ్, అదే రంగు పూసే మొద్దు కత్తి, మొనతో అక్కడక్కడా గీకు. ఒకచోట చిన్నది, ఒకచోట ఇంకా చిన్నది, ఒకచోట అసలు వద్దు. వెలుగు కిందినించి పైకొస్తుంది. మన ఎండలో నీకు అయిదు నిమిషాల కంటే ఎక్కువ టైముండదు, కాబట్టి జానెడు మేర చొప్పున వేసుకుంటూ పో.

నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గైతోండే గారు రోలరూ నైఫూ వాడి, పొర మీద పొర వేస్తూ తీస్తూ పనిచేశారు. ఏడాదికి ఆయన పూర్తిచేసినవి కొద్ది బొమ్మలే. కాబట్టి నెలకొకటి కూడా కాలేదని బాధపడబాక.

వీలు చూసుకుని మద్రాసు రైలెక్కి చోళమండలం పోయిరా. కె.సి.ఎస్. పణిక్కర్ గారూ తోటి చిత్రకారులూ కలిసి ఉండి పనిచేసుకోవడానికి 1966లో పెట్టుకున్న ఊరది. పణిక్కర్ గారు చదవడానికి వీల్లేని రాతని బొమ్మలో ఆకారంగా ఎట్లా వాడుకున్నారో చూడు. ఏ బొమ్మనైనా ముందు దూరంనించి చూసి, తర్వాత మూరెడు దూరంలో పక్కగా నిలబడి చూడు. ఏ పూత ముందు, ఏది తర్వాత అనేది పక్కనించే తెలుస్తుంది. ఫోనులో అది తెలియదు.

ఎప్పుడు ఆపాలని అడిగావు. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూడు. అంతా ఒకే బూడిదగా ఉంటే ఛాయలు చాల్లేదు, పని మిగిలుంది. బొమ్మని తలకిందులు చేసి చూడు, బరువు ఎటు ఒరుగుతోందో కనపడుతుంది. తర్వాత పది రోజులు గోడవైపు తిప్పి పెట్టు. ఒక మూల మరీ బాగా కుదిరి, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదా, ముందు ఆ మూల మీదే రంగు వెయ్యి. దాన్ని కాపాడుకోవడానికే మిగతా బొమ్మంతా వంగిపోతోంది.

ప్రతిదాని వెనకా తేదీ, వాడిన రంగులు, పాళ్ళు రాసి పెట్టుకో.

రొట్టెల పండక్కి నెల్లూరు వస్తాను. ఆ పన్నెండు కాగితాలూ సిద్ధంగా ఉంచు. చుట్టి పెట్టబాక, ఎండకి యాక్రిలిక్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. రెండు అట్టల మధ్య పరిచి, కాగితానికీ కాగితానికీ మధ్య కేకులకి వాడే బేకింగ్ పేపరు పెట్టు.

మీ పెదనాన్న