చలి ఒకటే, మొక్కలే వేరు

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. డిసెంబరులో యాసంగికి పోసిన వరి నారు చలికి ఎర్రబడి ఎదుగుదల ఆగిపోయింది. పక్క మడిలో క్యాబేజీ మాత్రం నవనవలాడుతోంది. రెండింటికీ చలి ఒకటే కదా సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: చలి ఒకటేనమ్మా, కాచుకునే ఏర్పాటే వేరు. చలిగాలి తగలగానే మొక్క కణాల చుట్టూ ఉండే కొవ్వు పొర, గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు, బిగుసుకుంటుంది. ఆ బిగువుతోనే లోపలికి కబురు వెళ్తుంది. కాల్షియం కణంలోకి దూసుకొస్తుంది. ‘ఐస్1’ అనే ప్రొటీన్ (పేరు అలా కుదిరిందంతే, మంచుగడ్డతో సంబంధం లేదు) సీబీఎఫ్ అనే జన్యువులను తట్టి లేపుతుంది. క్యాబేజీకి చుట్టమైన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను 4 డిగ్రీల చలిలో పెడితే 15 నిమిషాలకే అవి మేల్కొంటాయి. ఆపైన అవి పదుల కొద్దీ జన్యువులకు పని పురమాయిస్తాయి. చక్కెరలు పోగవుతాయి, పొరలను కాపాడే ప్రొటీన్లు తయారవుతాయి.

మరి ఆ జన్యువులు ఎప్పుడూ మేలుకునే ఉండొచ్చుగా అంటారేమో. 1998లో అమెరికాలో థామషో అనే శాస్త్రవేత్త బృందం ఆ జన్యువుల్లో ఒకటైన సీబీఎఫ్1ను అరబిడాప్సిస్‌లో చలి లేకుండానే పనిచేయించింది. మొక్కలు గడ్డకట్టే చలినీ తట్టుకున్నాయి. కానీ ఈ జన్యువులు అస్తమానం గట్టిగా పనిచేస్తుంటే మొక్క గిడసబారుతుందని ఇతర ప్రయోగాల్లో తేలింది. రాత్రంతా కావలి కాసినవాడు పొద్దున నాగలి పట్టలేడు కదా!

వరికీ ఇలాంటి జన్యువులున్నాయి. కానీ అది వెచ్చటి నేలల పంట. 2015లో చైనా శాస్త్రవేత్తలు వరిలో ‘కోల్డ్1’ అనే జన్యువును గుర్తించారు. జపానికా రకాలు (చల్లటి చోట్ల పండే వరి) చలికి ఓర్చుకోవడానికి ఆ జన్యువు రాతలో ఒక్క అక్షరం మార్పు ఒక కారణమట. మన మడుల్లో ఉండేవి ఎక్కువగా ఇండికా రకాలు, అంటే వెచ్చటి చోట్ల వరి; వాటికి చలి ఓర్పు తక్కువ.

ఇక మీ నారు సంగతి. రాత్రి నిలిచిన చల్లటి నీళ్లు పొద్దున్నే తీసేసి బోరు నీళ్లు పెట్టండి. చెయ్యి పెట్టి చూడండి, తెల్లారుజామున అవే గోరువెచ్చగా ఉంటాయి. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం కూడా ఉన్నట్టే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి. సాయంత్రం కర్రలు పాతి, నారుకు తగలకుండా పాలిథిన్ పట్టా కప్పండి. పొద్దెక్కకముందే తీసేయడం మరవకండి. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పిన నేను, ఓసారి పట్టా తీయకుండానే పెళ్లికెళ్లి మధ్యాహ్నానికి వచ్చాను. సగం మడి ఉడికిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.