కథెడ్రల్ లోపల జంతువులు, పక్షుల బొమ్మలు ఎందుకు ఉంటాయి?

క్యాథలిక్ కథెడ్రల్‌లో, అంటే బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చిలో, బోధనా వేదిక చుట్టూ తరచుగా కనిపించే రెక్కల మనిషి, సింహం, ఎద్దు, గద్ద వరుసగా మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే నలుగురు సువార్తికులకు, అంటే యేసు జీవితాన్ని చెప్పే సువార్త గ్రంథాల రచయితలకు, గుర్తులు. యెహెజ్కేలు ప్రవచనంలోనూ, బైబిలు చివరి గ్రంథంలోనూ వచ్చే నాలుగు జీవులను బైబిలును లాటిన్‌లోకి అనువదించిన పునీత జెరోము ఈ క్రమంలో అన్వయించగా, పశ్చిమ క్రైస్తవ కళలో అదే స్థిరపడింది. మత్తయి సువార్త యేసు వంశావళితో మొదలవుతుంది కనుక మనిషి; మార్కు సువార్త ఎడారిలో కేక వేసే స్వరంతో మొదలవుతుంది కనుక సింహం; లూకా సువార్త ఆలయంలో యాజకుడైన జెకర్యాతో మొదలవుతుంది కనుక బలిపశువైన ఎద్దు. యోహాను ఆలోచన ఆకాశమంత ఎత్తున సాగుతుందని గద్దను కేటాయించారు.

వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది పెలికాన్ అనే పెద్ద ముక్కు నీటిపక్షి. దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా విశ్వాసులు స్వీకరించే రొట్టెను, భద్రపరిచే మందసం (చిన్న పెట్టె) తలుపు మీద కొన్నిచోట్ల ఈ పక్షి మెడ వంచి, ముక్కుతో తన రొమ్మును తానే పొడుచుకుంటూ, కింద నోళ్లు తెరిచిన పిల్లలకు రక్తపు చుక్కలు అందిస్తూ కనిపిస్తుంది. నిజానికి ఏ పెలికానూ అలా చేయదు. అయినా ప్రాచీన కాలపు ఆ నమ్మకం, తన రక్తంతో విశ్వాసులను పోషించే క్రీస్తుకు ప్రతీకగా మధ్యయుగ శిల్పులకు సరిగ్గా కుదిరింది.