స్నానం చేయించిన మూడో రోజుకే వాసన

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా బన్నీ తెల్ల పమేరియన్, నాలుగేళ్లది. ప్రతి ఆదివారం కుంకుడు రసంతో స్నానం చేయిస్తాను. వానలు మొదలయ్యాక మూడో రోజుకే ముక్కిన వాసన వస్తోంది. చెవుల వెనక, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టింది. ఒకటే గోక్కుంటోంది. మా అత్తగారు వారానికి రెండుసార్లు చేయించమంటున్నారు, పక్కింటివాళ్లు గుండు కొట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే రాయగడలో నా దగ్గరికి తెచ్చిన ఒక కుక్క గుర్తొచ్చింది. అదీ తెల్ల పమేరియనే, శ్రావణమాసమే. పైకి దూదిలా ఉంది. నడుము మీద బొచ్చు పాయ తీసి చూస్తే అరచేతంత మేర చర్మం ఎర్రగా, చెమ్మగా పుండు పడింది. ఆ ఇంటావిడ దాన్ని ప్రాణంగా చూసుకునేది, వారానికి రెండుసార్లు స్నానం చేయించేది. లోపలిదాకా ఆరబెట్టాలని మాత్రం ఆవిడకెవరూ చెప్పలేదు.

పమేరియన్‌కి బొచ్చు రెండు పొరలు. పైన పొడుగు వెంట్రుకలు, కింద మెత్తటి నూగు. పైది అరగంటలో ఆరినట్టు కనిపిస్తుంది. కింది నూగు, ముఖ్యంగా మన వైపు ముసురు రోజుల్లో, మర్నాటికీ తడిగానే ఉంటుంది. వాసన, దురద చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. గుండు కొట్టిస్తే చర్మానికి ఎండ దెబ్బ తగులుతుంది, బొచ్చు మళ్లీ మునుపటిలా రాకపోవచ్చు కూడా.

నెలకొక స్నానం చాలు. ఉండలు మాత్రం నీళ్లు పోయకముందే విడదీయాలి, తడిస్తే ఇంకా బిగుసుకుపోతాయి. వేళ్లతో వదులు చేసి, కొసల నుంచి మొదటికి దువ్వండి. కత్తెర జోలికి వెళ్లకండి. ఉండతోపాటు చర్మం కూడా పైకి లేస్తుంది, అలా తెగిన కుక్కలకు నేనే కుట్లు వేశాను.

కుంకుడు రసం మానేయండమ్మా. కంట్లో పడితే మనకే ఎంత మంటో తెలుసు కదా, అది చెప్పుకోలేదు. మన షాంపూ కూడా వద్దు. మన చర్మానికి కాస్త ఆమ్లగుణం ఎక్కువ, కుక్కలది అలా కాదు. కుక్కల షాంపూనే మగ్గు నీళ్లలో కలిపి పోయండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. నురగ పూర్తిగా పోయేదాకా కడగండి, మిగిలిన షాంపూ కూడా దురద పెడుతుంది. మొహానికి తడిగుడ్డ చాలు.

స్నానానికి పావుగంట పడితే, ఆరబెట్టడానికి ముప్పావుగంట పెట్టుకోండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరంగా, మీ చెయ్యి మధ్యలో పెట్టి పట్టండి. చెయ్యి ఓర్చుకోలేని వేడి దానికీ వద్దు. మొదళ్లదాకా దువ్వుతూ ఆరబెట్టాలి. చంకలు, పొట్ట, తొడల సందులు మర్చిపోవద్దు. ఎండ వచ్చిన రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ఈ ఆదివారం మాత్రం స్నానం ఆపి, పాయలు తీసి చర్మం చూడండి. ఎరుపు, చెమ్మ కనిపించినా, పిడుదులున్నా ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెవి లోపల కూడా ఒకసారి వాసన చూడండి. తల విదిలిస్తూ ఉంటే వాసన బొచ్చుది కాదు, చెవిది కావచ్చు. అప్పుడు మందు చెవికే వేయాలి.