డ్రమ్స్ లేని జాజ్ బృందంలో లయను ఎవరు మోస్తారు?

ముఖ్యంగా డబుల్ బాస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్‌లాంటి తీగవాద్యం. తాళం ప్రతి దెబ్బకూ ఒక స్వరం చొప్పున అది నడుస్తూనే ఉంటుంది. ఆ నడకను నమ్ముకునే మిగతావాళ్లు మనోధర్మంతో వాయిస్తారు. 1956లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ షేక్‌స్పియర్ ఉత్సవంలో రికార్డు చేసిన ఆస్కార్ పీటర్సన్ ట్రియో (ముగ్గురి బృందం) కచేరీ తప్పకుండా వినండి. పీటర్సన్ పియానో, రే బ్రౌన్ బాస్, హెర్బ్ ఎల్లిస్ గిటార్. ఎంత వేగం పెంచినా లయ సడలదు. ఎల్లిస్ గిటార్‌నే తట్టి బాంగోల్లాంటి (చేత్తో వాయించే చిన్న జంట డ్రమ్స్) శబ్దం పుట్టించేవాడు, అదంటే నాకు ప్రాణం. పైగా డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లేల (సింబల్స్) మోత ఉండదు కాబట్టి బాస్ తీగ ఎంతసేపు మోగుతుందో కూడా చెవికి తెలుస్తుంది.

డ్రమ్స్ లేకుండానే 1961లో జిమ్మీ జూఫ్రీ (క్లారినెట్), పాల్ బ్లే (పియానో), స్టీవ్ స్వాలో (బాస్) ఐరోపాలో చేసిన కచేరీలు వేరే దారి. అక్కడ చాలాచోట్ల స్థిరమైన తాళమే ఉండదు, ఒకరినొకరు వింటూ ముందుకెళ్తారు.