‘యూ బెటర్ స్టడీ’ అన్నారట, పాప తలుపేసుకుందట

ప్రశ్న: మాది హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. మా అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. కర్ణాటక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీ, జాతీయ స్థాయిలో జరిగే జేఈఈ మెయిన్ రెండూ రాస్తోంది. ఇంట్లో కూడా ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడుతుంది. మొన్న ధైర్యం చెబుదామని ‘యూ బెటర్ స్టడీ వెల్’ అన్నాను. ‘బెదిరిస్తున్నావా అమ్మా’ అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ‘డోంట్ టేక్ టెన్షన్’ అంటే నవ్వుతుంది. వాళ్ల ఫ్రెండ్ వాళ్ల అమ్మ చక్కగా ఇంగ్లీషులో ధైర్యం చెబుతుందట. నాకూ నాలుగు మాటలు నేర్పండి. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ తలుపు సంగతి చూద్దాం. ‘బెటర్’ అంటే మంచిది అని మనకు తెలుసు కాబట్టి ‘చదువుకుంటే మంచిదమ్మా’ అనే అర్థంలో మీరు అన్నారు. కానీ ఇంగ్లీషులో ‘యూ బెటర్’ అని మొదలెడితే చివర్లో ‘లేకపోతే చూడు మరి’ అనే ముక్క పైకి అనకుండానే వినిపిస్తుంది. అద్దె బాకీ పడ్డవాడితో ఇంటి ఓనరు అనే మాట అది. ఈ రాత్రి అన్నం పెడుతూ ‘చక్కగా చదువుకోమ్మా అందామనుకున్నాను, ఇంగ్లీషులో పడేసరికి అలా అయింది’ అని చెప్పేయండి. పాపకే నవ్వొస్తుంది.

‘డోంట్ టేక్ టెన్షన్’ మాత్రం తప్పు పట్టాల్సినంత పెద్ద తప్పేం కాదు, మన దేశంలో ఊరూరా వినబడేదే. ఇంగ్లీషువాళ్లయితే ‘డోంట్ స్ట్రెస్’ అనో ‘డోంట్ వర్రీ’ అనో అంటారు. అయితే మాట సరిచేసినంత మాత్రాన పని జరగదు. టెన్షన్ పడకు అని రోజుకు నాలుగుసార్లు అంటే, పాపం ఆ పిల్లకు రోజుకు నాలుగుసార్లు టెన్షన్ గుర్తు చేసినట్టే. తెలుగులో అన్నా అంతే.

మీరు అడిగిన మాటల్లో ‘సపోర్ట్’తో మొదలెడతాను. లాటిన్‌లో దాని మూలానికి అర్థం కింద నుంచి మోయడం. మనం అండ, ఆసరా, దన్ను అంటామే, అదే. ‘ఎన్‌కరేజ్’లో ఉన్నది కరేజ్, దాని మూలం గుండె. గుండె దిటవు చేయడమన్నమాట. ‘చీర్’కు పాత ఫ్రెంచిలో అర్థం మొహం. అందుకే మొహం వేలాడేసుకున్నవాళ్లతోనే ‘చీరప్’ అంటారు. హుషారుగా పరీక్షకు బయల్దేరిన పిల్లతో అంటే ‘నేనేమన్నా ఏడుస్తున్నానా’ అని అడుగుతుంది. ఈ మూలాలు పరీక్షకు రావు, ఊరికే చెప్పాను. కానీ ఒక్కటి గమనించండి. సపోర్ట్ అనే పనిలో బరువు మోసేది మీరు. మీరు అన్న మాట పాప నెత్తిన ఇంకో బరువు పెడుతోందా, ఉన్నదాంట్లో కాస్త దించుతోందా అని చూసుకుంటే చాలు, ఏ మాట వాడాలో ఏది వదలాలో నన్ను అడగక్కర్లేదు.

ఉదాహరణకు ‘ఐ నో యూ విల్ గెట్ ఎ టాప్ ర్యాంక్’. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ అది పాప తరఫున మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోటు, తీర్చాల్సింది తను. ‘యూ ఆర్ సో బ్రిలియంట్’ కూడా ఆ కోవదే. 1998లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు అయిదో తరగతి పిల్లల చేత పజిల్స్ చేయించారు. కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇచ్చి, అందరూ తడబడ్డాక చూస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలే ముందుగా చేతులెత్తేశారు. పేరు పోతుందన్న భయం మరి. అందుకని ‘యూ వర్క్‌డ్ హార్డ్ టుడే’ అనండి. ‘హార్డ్‌లీ’ అనకండి సుమా, ‘యూ హార్డ్‌లీ వర్క్’ అంటే చదవనే చదవడం లేదని అర్థం, మళ్లీ తలుపేసుకుంటుంది.

‘కీప్ ఇట్ అప్’ అంతా సాఫీగా సాగుతున్నప్పుడు అనేది. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజు అంటే వెక్కిరించినట్టుంటుంది. ఆ రోజుకు ‘హ్యాంగ్ ఇన్ దేర్’ ఉంది, ఇంకాస్త ఓపిక పట్టు అని. ‘టేక్ యువర్ టైమ్’ మంచి మాట, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి అనేసి వచ్చేయొచ్చు. ‘ఐ యామ్ హియర్’ అన్నది మూడు ముక్కలే అయినా నాకు చాలా ఇష్టం. ‘ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ’ని మాత్రం రిజల్ట్ దాకా దాచకండి. ర్యాంకు వచ్చాక పక్కింటివాళ్లు కూడా అంటారు.

చైనాలో జూన్‌లో జరిగే గావ్‌కావ్ ప్రవేశ పరీక్షకు వెళ్లే పిల్లలకు ‘జ్యాయో’ అని ధైర్యం చెబుతారు. మాటకు మాట చూస్తే ‘నూనె పోయండి’ అని. దాన్ని ఇంగ్లీషులో ‘యాడ్ ఆయిల్’ అని వాడగా వాడగా 2018లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలోకే ఎక్కింది. అంటే తమ ఇంట్లో మాటను ఇంగ్లీషులోకి తోసి నిలబెట్టుకున్నారు. మీరేమో ఇంట్లో ఉన్న మాటలు వదిలేసి ఇంగ్లీషుకు అప్పుకు వెళుతున్నారు.

ఇంకో చిక్కుంది. ‘గివ్ ఇట్ ఎ షాట్’, అంటే ఒక రాయి వేసి చూడు, అనే మాట మీ పాప రాసే రెండు పరీక్షలకూ ఒకేలా పనికిరాదు. సీఈటీలో ఒక్కో పేపర్‌కు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు, తప్పు జవాబుకు కోత లేదు. అక్కడ ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలక్కర్లేదు. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ గుడ్డిగా రాళ్లు వేస్తే చేతిలో ఉన్నవీ పోతాయి. పరీక్ష తీరు తెలియకుండా ధైర్యం చెప్పేవాళ్లతోనే నాకు పేచీ. మా ఆఫీసుకు వచ్చే తండ్రుల్లో సగం మంది ‘అన్నీ రాసేసి రా’ అని పంపినవాళ్లే!

‘ఇట్స్ నాట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్’ అనే మాటా అంతే. పేపరు పోయిందని ఏడుస్తున్న పిల్లతో అంటే నా బాధ వీళ్లకు పట్టలేదు అనుకుంటుంది. దానికి బదులు నిజం చెప్పండి. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, రెండూ రాస్తే మెరుగైన స్కోరే లెక్క. కర్ణాటకలో 2024 నుంచి పీయూసీకి ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు, ఎందులో మంచి మార్కులొస్తే అవే ఉంటాయి. ఇంజనీరింగ్ ర్యాంకులో సీఈటీది సగమే, మిగతా సగం పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులది. ఇది చెప్పడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ‘బెటర్ లక్ నెక్స్ట్ టైమ్’ మాత్రం ఏ భాషలోనూ వద్దు.

పాప నిద్ర మానేసినా, తిండి మానేసినా, ఇక బతకడం ఎందుకు అన్నట్టు మాట్లాడినా నా మాటలూ మీ మాటలూ చాలవు. వెంటనే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్; మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి ముఖ్య కేంద్రం. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇక పరీక్ష రోజు. ‘గుడ్ లక్’ అనొచ్చు, ‘ఆల్ ది బెస్ట్’ అనొచ్చు, ఎదురింటి కన్నడ ఆంటీ ‘ఒళ్ళేదాగ్లి’ అంటారు. మూడు మాటల అర్థమూ ఒకటే. మీరు మాత్రం ఆ గేటు దగ్గర మీ అమ్మ హిందూపురంలో అన్న మాటే అనండి, ‘క్షేమంగా వెళ్లి లాభంగా రా’. అందులో క్షేమం ముందుంది, లాభం తర్వాతుంది. గుడ్ లక్‌లో ఆ వరస లేదు. పిల్ల పైకి నవ్వినా వింటుంది.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు ఇప్పుడొద్దు. ఈ నెలల్లో సాయంత్రాలు మీరు ఇంట్లో ఉండటమే పాపకు కావాలి. పరీక్షలన్నీ అయ్యాక చేరండి, అదీ మీకోసం. ఐటీ వాళ్లు బ్లౌజులు కుట్టించుకోవడానికి వస్తే కొలతలకూ డిజైన్లకూ పనికొస్తుంది. అప్పటిదాకా పాప ఖాళీగా ఉన్నప్పుడు రోజుకో మాట తన దగ్గరే నేర్చుకోండి. రోజంతా పాఠాలు వినే పిల్లకు పది నిమిషాలు టీచరమ్మ కావడం బాగుంటుంది. మొదటి పాఠంగా ఆ ‘యూ బెటర్’నే అడగండి.