సీపీఎస్ సొమ్ము చేతికి రాకముందే ప్రోనోటు రాయకండి, సార్

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటును. వయసు 57. 2005లో ఉద్యోగంలో చేరాను, సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా జమచేసే పింఛను పథకం) పరిధిలో ఉన్నాను. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. కోతలు పోను చేతికి 82 వేలు వస్తుంది. ఆమనగల్లు దగ్గర ఒక వెంచర్‌లో గజం 12 వేల చొప్పున 200 గజాల ప్లాటుకు 14 లక్షలు బయానా కట్టాను. ఇంకా 10 లక్షలు కడితే రిజిస్ట్రేషన్ చేస్తారు. రీజినల్ రింగ్ రోడ్డు వస్తే ధర రెట్టింపు అవుతుందని, అప్పుడు సగం అమ్మి అమ్మాయి పెళ్లి చేయవచ్చని ఆలోచన. తెలిసినవారు రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు ఇస్తామంటున్నారు. నెలనెలా వడ్డీ కట్టనక్కరలేదు, రిటైరయ్యాక అంతా కలిపి ఒకేసారి తీర్చవచ్చట. సీపీఎస్ ఖాతాలో ఇప్పటికే 34 లక్షలు ఉన్నాయి కాబట్టి భయం లేదనుకుంటున్నాను. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు సార్. ఈ ఒక్క మాట కోసమైతే మీ ఉత్తరాన్ని ఇక్కడ వేయనక్కరలేదు. ఏడాదిగా నాకు వస్తున్న ఉపాధ్యాయుల ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే ఆలోచన కనిపిస్తోంది. రిటైరయ్యాక పెద్ద మొత్తం వస్తుంది కాబట్టి ఇప్పుడు అప్పు చేసినా ఫర్వాలేదని వారూ అనుకుంటున్నారు. అందుకే మీ లెక్కను అందరి ముందూ విప్పుతున్నాను.

మీరు నాలుగు ఠావులు రాశారు. పర్సనల్ లోన్ ఇంకా 7.8 లక్షలు, 46 నెలలు, నెలకు 21,200. పాడుకున్న 10 లక్షల చిట్టీ, ఇంకా 26 నెలలు, నెలకు 20 వేలు. నిరుడు తెచ్చిన 3 లక్షల చేబదులు, రెండు రూపాయల లెక్కన నెలకు 6 వేల వడ్డీ. ప్రతి వరుసా గీత కొట్టి కూడారు, ఒక్క తప్పు లేదు. మొత్తం 47,200 పోగా మిగిలేది 34,800. ఇంటి ఖర్చు 36 వేలు. అంటే నెలకు పన్నెండు వందల లోటు. చివరి ఠావు చివరి వరుసలో చిన్న అక్షరాలతో 'బ్యాంకులో నిల్వ: 41 వేలు' అని ఉంది. నా చూపు అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఇంట్లో అత్యవసరానికి ఉన్నది ఐదు వారాల ఖర్చు. ఆమనగల్లు ప్లాటు గురించి రెండు ఠావులు నింపారు, దీని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ముందు ఆ కొత్త అప్పు సంగతి చూద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలనెలా కట్టనక్కరలేదనడం దయ అని మీరు అనుకుంటున్నారు. ఏడాది తిరిగేసరికి వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయిస్తారు. మొదటి ఏడాదికి 12.4 లక్షలు, రెండో ఏడాదికి 15.4, మూడో ఏడాదికి 19 దాటుతుంది, మీరు రిటైరయ్యేనాటికి 23.6 లక్షలు. వడ్డీకి వడ్డీ మీరే పిల్లలకు బోర్డు మీద చేసి చూపించి ఉంటారు. మీ సొంత నోటు మీద ఎందుకు చేసి చూసుకోలేదని అడగకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు సీపీఎస్ వైపు రండి. మీ వాటా, ప్రభుత్వ వాటా కలిపి నెలకు 18 వేలు జమవుతోందని రాశారు. ఏడాదికి 8 శాతం పెరుగుదల వేసుకున్నా నాలుగేళ్ల తర్వాత ఖాతాలో 56 లక్షల దాకా ఉంటుంది. అందులో మీ చేతికి వచ్చేది 60 శాతం, అంటే 33.6 లక్షలు. కనీసం 40 శాతంతో, అంటే 22.4 లక్షలతో, యాన్యుటీ (నెలనెలా పింఛను ఇచ్చే బీమా పథకం) కొనాల్సిందే. మీ తర్వాత మీ ఇంటావిడకు, ఆ తర్వాత అసలు పిల్లలకు వచ్చే రకం తీసుకుంటే, 6.5 శాతం వేసుకున్నా నెలకు 12 వేల చిల్లర వస్తుంది. దానికి డీఏ ఉండదు. పదేళ్ల తర్వాత కూడా అదే 12 వేలు.

మీ స్టాఫ్ రూములో పాత పింఛను వాళ్లు ఉన్నారు. పూర్తి సర్వీసు ఉంటే చివరి మూలవేతనంలో సగం, దాని మీద డీఏ, పీఆర్సీ వచ్చినప్పుడల్లా సవరణ. వాళ్లు ప్లాటు కొన్నారు, రిటైరయ్యాక అప్పు తీర్చారు, బాగానే ఉన్నారు. ఆ దారి చూసి మీరు నడుస్తున్నారు. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరిన వారికి ఆ దారి లేదు. పాత పింఛను వాళ్లకు కమ్యుటేషన్ సొమ్ము (పింఛనులో కొంత భాగానికి బదులుగా ముందే ఒకేసారి ఇచ్చే మొత్తం) పోయినా నెలనెలా పింఛను నిలబడుతుంది. మీకు ఆ 33 లక్షలే పింఛను. అందులోంచి 23.6 లక్షలు నోటుకు పోతే మిగిలేది 10 లక్షలు. పది లక్షలు, నెలకు 12 వేలు పెట్టుకుని ఇద్దరు మనుషులు ఇరవై ఏళ్లు బతకాలి.

పాత పింఛను తిరిగి వస్తుందన్న ఆశ మీ ఉత్తరంలో ఒకచోట తొంగి చూసింది. 2003 డీఎస్సీ వాళ్లు నోటిఫికేషన్ తేదీని చూపించి, కొత్త పింఛనుకు ముందే నోటిఫికేషన్ వచ్చిన ఉద్యోగాల వారికి పాత పింఛను ఎంచుకునే వీలిస్తూ కేంద్రం ఇచ్చిన మెమో 57ను చూపించి అడుగుతున్నది న్యాయమైనదేనని నా అభిప్రాయం. రావాలని నేనూ కోరుకుంటాను. వస్తే ఆ రోజు పండుగ చేసుకుందాం. దాన్ని నమ్మి ఈ రోజు నోటు మీద సంతకం పెట్టకండి.

గ్రాట్యుటీ సీపీఎస్ వారికీ ఉంది. గరిష్ఠం 16 లక్షలని అందరూ చెప్పుకుంటారు గానీ, 24 ఏళ్ల సర్వీసుకు లెక్క కడితే పన్నెండు నెలల మూలవేతనం, డీఏ. ఇప్పటి మీ జీతం మీద దాదాపు 11 లక్షలు. మంచి మొత్తమే. అది ఎప్పుడు చేతికి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడే నేను ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతి చెప్పాలి. 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. దాంతో మూడేళ్లు వయసు మీద రిటైరయ్యేవారు దాదాపు లేకుండా పోయి, 2024 మార్చి నుంచి ఒక్కసారిగా మొదలయ్యారు. అప్పటి నుంచి గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు బిల్లులు ఎన్ని నెలలు ఆగాయో మీ మండలంలో రిటైరైన ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఏడాది రిటైరైన ఒక లెక్కల సారు జడ్చర్ల నుంచి నా దగ్గరికి వచ్చారు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో పాత క్యాలెండరు కాగితం. దాని వెనుక ఒక్కో బిల్లు, దాని టోకెన్ నంబరు, తేదీ, ఎవరిని కలిశారో, ఏమన్నారో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. భార్యకు హైదరాబాదులో గుండె ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి వాళ్లు ముందు డబ్బు కట్టమన్నారు, రీయింబర్స్‌మెంటు తర్వాత చూసుకోమన్నారు. ప్రభుత్వం నుంచి తనకు రావలసింది పాతిక లక్షలకు పైగా ఉండగా ఆయన మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చారు. ఆ కాగితాన్ని మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ, 'నాకు డబ్బు లేక కాదు, చేతిలో లేక' అన్నారు. ఆయనకు బ్యాంకులో ఒక ఏడాది ఖర్చు ఉండి ఉంటే ఆ అప్పు అవసరమే లేదు.

అందుకే మామూలు ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు చాలని చెప్పే నేను, రిటైర్మెంటుకు ఐదేళ్ల లోపు ఉన్న ఉపాధ్యాయులకు పద్దెనిమిది నెలలు అంటాను. మీ ఇంటికి అది దాదాపు 6.5 లక్షలు. చిట్టీలో ఉన్నది అత్యవసర నిధి కాదు, ప్లాటులో ఉన్నది అసలే కాదు. రాత్రి పదింటికి కల్వకుర్తి నుంచి అంబులెన్సులో హైదరాబాదు బయల్దేరితే, తెల్లారేలోపు తీయగలిగిన డబ్బు మాత్రమే అత్యవసర నిధి. సేవింగ్స్ ఖాతాలో ఒక లక్ష, మిగతాది బ్యాంకు డిపాజిట్లలో, మీ ఇంటావిడతో ఉమ్మడి పేరున. ఇంతకంటే ఆలోచించనక్కరలేదు, దీనికి ఎక్కువ వడ్డీ వెతకకండి.

ఎక్కడి నుంచి తేవాలి అంటారు. మీరు గమనించని మంచి సంగతి ఒకటి మీ ఠావుల్లోనే ఉంది. కొత్త అప్పు ఏదీ చేయకపోతే చిట్టీ 26 నెలల్లో, పర్సనల్ లోన్ 46 నెలల్లో అయిపోతాయి. చేబదులు ఒక్కటి వదిలించుకుంటే రిటైరయ్యేనాటికి మీకు పైసా అప్పు ఉండదు. ఇంత దగ్గరికి వచ్చి మళ్లీ మొదటికి వెళ్తానంటున్నారు.

ప్లాటు దగ్గరికి వెళ్లండి. కట్టిన 14 లక్షలకు సరిపడా, అదే వెంచర్‌లో 100 గజాల ప్లాటు ఉంటే అది మీ పేరున చేయమనండి. గజం అదే 12 వేలైతే 12 లక్షలు, 2 లక్షలు వెనక్కి రావాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వ విలువ మీద 7.5 శాతం ఉంటుంది, ఆ 2 లక్షల్లోంచి కొంత దానికి పోతుంది. అంత చిన్నది లేకపోతే మీ అగ్రిమెంటును ఇంకొకరికి మార్చమనండి, కొంత నష్టమైనా సరే. అయితే అంతకంటే ముందు ఆ లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో కాగితం మీద చూడండి. 'రోడ్డు వస్తుంది' అన్న మాట మీద గుంటల లెక్కన అమ్మినవి కొని, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కోసం తిరుగుతున్న టీచర్లు నాకు చాలామంది తెలుసు. రింగ్ రోడ్డు వచ్చినా అది మీ అమ్మాయి ముహూర్తం చూసుకుని రాదు. స్థిరాస్తి కొంటున్నట్టు శాఖకు తెలియజేయడం కూడా మరవకండి.

వెనక్కి వచ్చినదానికి మీ ప్రభుత్వ జీవిత బీమా పాలసీ మీద అప్పు కలపండి, ఎల్‌ఐసీ పాలసీలున్నాయన్నారు, వాటి మీదా తీసుకోవచ్చు. 24 శాతం అప్పును తీర్చడానికి అంతకంటే చాలా తక్కువ వడ్డీ అప్పు తేవడం వరకు నేను ఒప్పుకుంటాను. 3 లక్షల చేబదులు పోతే నెలకు 6 వేలు మిగులుతాయి. మీ లోటు, బీమా అప్పు వడ్డీ పోగా 4 వేలు అత్యవసర ఖాతాకు వేయండి. చిట్టీ అయిపోయిన నెల నుంచి 24 వేలు వేయండి. ఆ నెల ఇంకో చిట్టీలో చేరమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, చేరకండి. నాలుగేళ్లకు 6.3 లక్షలు అవుతుంది. డీఏ బకాయిలు పడ్డప్పుడల్లా అటే మళ్లిస్తే ఇంకా ముందే నిండుతుంది.

అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోందన్నారు. ఈ లెక్క తనకు చూపించారా? పెళ్లి ఖర్చు ఎంతలో చేయాలో తనతో కూర్చుని మాట్లాడండి. మరీ అవసరమైతే సీపీఎస్‌లో మీ సొంత వాటాలో పాతిక శాతం వరకు పిల్లల పెళ్లికి తీసుకునే వీలుంది, అది కూడా చివరి మాటగా. టర్మ్ పాలసీ ఈ వయసులో మీకు అనవసరం. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం రిటైరయ్యాక చూద్దాం. మ్యూచువల్ ఫండ్ల గురించి అడిగారు, అత్యవసర నిధి నిండాక రాయండి.

ఒక్క విషయం మాత్రం వదలలేను. తోటి టీచర్లు ముగ్గురి చిట్టీలకు జామీను సంతకం పెట్టానని ఉత్తరం మధ్యలో, అప్పుల పట్టికలో చేర్చకుండా, ఒక్క వాక్యంలో దాటేశారు. సార్, అది కూడా మీ అప్పే. వాళ్లు కట్టకపోతే నోటీసు మీ స్కూలుకు వస్తుంది, కోత మీ జీతంలో పడుతుంది. స్టాఫ్ రూములో కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా నాన్న కూడా పాలమూరులో బడిపంతులే. ఆయన సంతకం పెట్టిన ఒక చిట్టీకి మా ఇంట్లో రెండేళ్లు కోత నడిచింది, ఆ రెండేళ్లూ మాకు దసరా బట్టలు లేవు. ఆ ముగ్గురూ ఇంకా ఎన్ని వాయిదాలు కట్టాలో ఈ వారమే అడిగి, మీ పట్టికలో నాలుగో వరుసగా రాసుకోండి. ఇకపై ఎవరైనా అడిగితే 'రిటైర్మెంటు దగ్గర పడింది, మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు' అనండి. ఇంట్లో నిజంగానే చెప్పి ఒప్పుకోకుండా చేయించుకోండి. ఈ అప్పుల్లో సగం మీ ఇంటావిడకు తెలియవని మీరు రాయకపోయినా నాకు అర్థమైంది.

ఇక ఆ పాత 3 లక్షలకు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇచ్చానన్నారు. తీర్చే రోజు డబ్బు పట్టుకుని ఒంటరిగా వెళ్లకండి, మీ ఇంటావిడనో నమ్మకమైన స్నేహితుడినో వెంట తీసుకెళ్లండి. బ్యాంకు ద్వారానే పంపండి. రెండు చెక్కులూ ముందు బల్ల మీద పెట్టమనండి. ప్రోనోటు వెనుక అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినట్టు చెల్లు రాయించి, తేదీతో సంతకం చేయించి, ఆ నోటు మీ చేతికి వచ్చాక ఫోనులో డబ్బు పంపే మీట నొక్కండి.