గ్రెనడా, సెయింట్ లూషియా, బార్బడోస్ మధ్య చిన్న విమానాలు: అదే రోజు లండన్ విమానం అందుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: కరీబియన్ దీవి గ్రెనడాలో మెడిసిన్ చదువుతున్న అమ్మాయి దగ్గరికి మీ అమ్మగారితో కలిసి వెళ్తున్నారు. తర్వాత సెయింట్ లూషియా చూసి, అక్కడ పొద్దున విమానమెక్కి బార్బడోస్ చేరి, అదే సాయంత్రం లండన్ మీదుగా హైదరాబాద్ తిరుగు ప్రయాణం. మ్యాప్‌లో చూస్తే ముప్పావు గంట కూడా లేదు, కుదురుతుందా, పోనీ ఫెర్రీ ఏమైనా ఉందా అని.

వద్దండీ. ముందురోజే బార్బడోస్ చేరి రాత్రి అక్కడే పడుకోండి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా.

కారణం దూరం కాదు, విమానాలు తిరిగే తీరు. ఒకే ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) పొద్దున ఒక దీవిలో లేచి, రోజంతా నాలుగైదు దీవులు చుట్టి, రాత్రికి మళ్లీ మొదటి చోటికి వస్తుంది. అచ్చం మన పల్లెవెలుగు బస్సు ట్రిప్పుల్లాగే. మొదటి ట్రిప్పు టైముకి కదులుతుంది. రెండో దీవిలో వాన, మూడో దీవిలో సామాను ఆలస్యం, అన్నీ కలిసి సాయంత్రం ట్రిప్పు మీద పడతాయి. ఏదైనా పార్టు పోతే అది వాళ్ల ప్రధాన స్థావరం నుంచి రావాలి. పక్కన ఖాళీగా నిలబెట్టుకున్న విమానం ఉండదు. రద్దయితే మళ్లీ మరుసటి రోజే, కొన్ని రూట్లలో రెండు రోజులకి. అందుకే దీవుల మధ్య ఎప్పుడూ రోజులో మొదటి విమానమే తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా సరే.

పైగా మీవి రెండు వేర్వేరు టికెట్లు. చిన్న విమానం ఆలస్యమైతే లండన్ విమానసంస్థకి సంబంధం లేదు, మిమ్మల్ని నో షోగా (విమానానికి రానివారిగా) రాసేస్తారు, ఆ తర్వాతి హైదరాబాద్ సెక్టార్ కూడా పోతుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు దానితో పోలిస్తే చాలా చిన్నది.

పాత సలహాలు చదివి ప్లాన్ వేయకండి. 1956లో మొదలైన లియాట్ అనే విమానసంస్థ తూర్పు కరీబియన్ దీవుల్ని దశాబ్దాలపాటు కలిపింది. 2020లో చితికిపోయి, 2024 జనవరిలో పూర్తిగా ఆగిపోయింది. దాదాపు అదే పేరుతో కొత్త సంస్థ ఆంటిగ్వా కేంద్రంగా 2024 ఆగస్టులో మొదలైంది. ఇప్పుడు ట్రినిడాడ్ నుంచి కరీబియన్ ఎయిర్‌లైన్స్, బార్బడోస్ నుంచి ఇంటర్‌కరీబియన్, సింట్ మార్టెన్ నుంచి విన్‌ఎయిర్, సెయింట్ విన్సెంట్ నుంచి ఎస్‌వీజీ ఎయిర్ లాంటివి తలా కొన్ని రూట్లు నడుపుతున్నాయి. షెడ్యూళ్లు తరచూ మారతాయి. టికెట్ల సైట్లు కొన్నిసార్లు ఈ చిన్న సంస్థల్ని చూపించవు, లేదా రెండు దీవుల మధ్య మయామీ మీదుగా తిప్పి చూపిస్తాయి. నేరుగా ఆయా సంస్థల సైట్లలో వెతకండి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి టైము సరిచూసుకోండి. మీ మెయిల్‌కి వచ్చే మార్పు నోటీసు స్పామ్‌లో పడే అవకాశం ఉంది, అదీ చూడండి.

సెయింట్ లూషియాలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది: అక్కడ రెండు విమానాశ్రయాలు. రాజధాని క్యాస్ట్రీస్ పక్కనే ఉన్న జార్జ్ ఎఫ్. ఎల్. చార్లెస్, కోడ్ ఎస్‌ఎల్‌యూ. దీవి దక్షిణం కొసన వ్యూ ఫోర్ట్ దగ్గర హెవనోరా, కోడ్ యూవీఎఫ్. దీవుల మధ్య చిన్న విమానాలు ఎక్కువగా మొదటి దాంట్లో, లండన్, న్యూయార్క్ పెద్ద విమానాలు రెండో దాంట్లో. మధ్యలో కొండ మలుపుల రోడ్డు, సుమారు గంటన్నర. టికెట్ మీద కోడ్ చూశాకే హోటల్ బుక్ చేయండి. గయానాలోనూ ఇంతే: జార్జ్‌టౌన్ అంచున ఓగల్, ఊరికి 40 కిలోమీటర్ల దూరాన చెద్ది జగన్.

ఇప్పుడు వీసాలు. గ్రెనడా, బార్బడోస్‌లకు భారత పాస్‌పోర్టు మీద టూరిస్టుగా ముందస్తు వీసా అక్కర్లేదు. సెయింట్ లూషియా, ఆంటిగ్వాల నియమాలు వేరు, టికెట్ కొనే ముందే ఆ దేశపు ఇమిగ్రేషన్ సైట్‌లో చూడండి. ముఖ్యంగా విమానం ఎక్కడ ఆగుతుందో గమనించండి. మార్టినీక్, గ్వాడలూప్ ఫ్రాన్స్ భూభాగమే అయినా మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, విడిగా కావాలి. ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ అంటే అమెరికాయే, అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. లండన్‌లో మారడానికీ ట్రాన్సిట్ వీసా కావాలి, అమెరికా, కెనడా లాంటి వీసాలున్నవారికి కొన్ని మినహాయింపులున్నాయి. ప్రతి దీవిలోనూ దిగగానే అడిగేవి రెండు: బయటికి పోయే టికెట్, ఉండబోయే చిరునామా. అమ్మాయి దగ్గర ఉంటుంటే ఆమె ఇంటి అడ్రసు, ఫోను కాగితం మీద రాసి ఉంచండి. ఆన్‌లైన్ ఎంట్రీ ఫారం కూడా ముందే నింపి క్యూఆర్ కోడ్ ప్రింటు తీసుకోండి.

ట్రినిడాడ్ లేదా గయానా కూడా కలుపుకుంటే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ సంగతి మర్చిపోవద్దు. అవి వదిలిన ఆరు రోజుల్లోపు సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. అరవై దాటినవారికి ఈ టీకాతో కొంత ముప్పు ఉంది కాబట్టి అమ్మగారికి డాక్టర్‌ని అడగనిదే వేయించకండి. ఆ రెండు దేశాలు మానేస్తే ఈ బాధే లేదు.

విమానం లోపలి సంగతి. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కే తలుపు వెనకవైపు ఉంటుంది, ముందువైపుది సామాను తలుపు. కాబట్టి చివరి వరసల్లో సీటు తీసుకుంటే ముందు దిగుతారు. రెండు మూడు కౌంటర్లే ఉన్న ఇమిగ్రేషన్ దగ్గర అది అరగంట ఆదా. తలుపే మెట్లుగా తెరుచుకుంటుంది, అయిదారు మెట్లు, పట్టుకోవడానికి సన్నటి కమ్మీ. ఏరోబ్రిడ్జి ఉండదు, ఎండలోనో వానలోనో విమానాలు నిలిపే చోట నడవాలి. అమ్మగారికి వీల్‌చెయిర్ రెండు రోజుల ముందే రాయించండి, మెట్లు ఎక్కగలరో లేదో కూడా చెప్పండి, ఆ ఏర్పాటు వేరు.

పైన అరలు చిన్నవి. మన దగ్గర క్యాబిన్‌లో పట్టే ట్రాలీ ఇక్కడ పట్టదు, మెట్ల దగ్గర తీసుకుని కింద వేస్తారు. మందులు, పాస్‌పోర్టు, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు భుజాన వేలాడే సంచిలో పెట్టుకోండి. బరువు ఎక్కువైతే సూట్‌కేసులు తర్వాతి విమానంలో వస్తాయి, అది మామూలే. పందొమ్మిది సీట్ల ట్విన్ ఆటర్ లాంటి వాటిలో అయితే చేతిసంచితో సహా మిమ్మల్నే తూకం మీద నిలబెట్టి కిలోలు రాసుకుంటారు, దాన్నిబట్టే ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్తారు. సాబా దీవి రన్‌వే 400 మీటర్లే, అలాంటి చోట ప్రతి కిలో లెక్కే. ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

డ్యూటీఫ్రీలో కొన్న రమ్ము, మిరపకాయ సాసు సీసాలు తర్వాతి దీవిలో మళ్లీ స్కానింగ్‌లో తీసేసుకుంటారు, ఆఖరి దీవిలో కొనండి. ఆవకాయ చెక్‌ఇన్ సామానులోనే. కరివేపాకు, పళ్లు, విత్తనాలు తీసుకెళ్లొద్దు. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు పిల్లలకైనా వేయకండి. గ్రెనడా, సెయింట్ లూషియా, బార్బడోస్ మూడింట్లోనూ చట్టం ఒప్పుకోదు.

జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుఫాను కాలం. 2024 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ జూన్ 29న బార్బడోస్‌లో గెలిచిన మన జట్టే బెరిల్ తుఫానుకి అక్కడ రోజులపాటు చిక్కుకుపోయింది. అదే తుఫాను జూలై 1న గ్రెనడాకి చెందిన కరియాకూ దీవి మీద విరుచుకుపడింది. ఆ నెలల్లో వెళ్తే ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు వదిలిపెట్టండి.

ఫెర్రీ అడిగారు కదా: సెయింట్ లూషియా, మార్టినీక్, డొమినికా, గ్వాడలూప్ మధ్య ఉంది. బార్బడోస్‌కి మాత్రం పక్క దీవుల నుంచి రోజువారీ ఫెర్రీ లేదు, విమానమే దిక్కు. కాబట్టి గ్రెనడా, సెయింట్ లూషియా అయ్యాక, బార్బడోస్‌కి ముందురోజు పొద్దున మొదటి విమానం, మరుసటి సాయంత్రం లండన్. టికెట్లు ఆ వరసలో చూసుకోండి.